మన ఇంజినీరింగ్ బిడ్డలు ఎలాంటి సంస్థను కోరుకోవాలి?

(ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు కర్నూలులో ఏర్పాటైన అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉద్యోగాల గురించి మాట్లాడడానికి ఒక పెద్ద కంపెనీ అధికారినో, ఆచార్యులనో పిలవకుండా నన్నెందుకు పిలిచారని నిర్వాహకులను అడిగాను. "మీరు జీవితమంతా జీతాల కాగితాలు రాసినవారు గదా, ఆ కాగితాలను చదవడం మా పిల్లలకు నేర్పండి" అన్నారు. నిజమే. నేను ఇంజినీరును కాను. బి.ఏ. చదివి జూనియర్ అసిస్టెంటుగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎస్టాబ్లిష్‌మెంటు విభాగంలో వేతన బిల్లులు, సర్వీసు రిజిస్టర్లు, సెలవు ఖాతాలు రాయడమే నా వృత్తి. ఒక మనిషి సేవకు ఏ ప్రతిఫలం లభిస్తుందో, ఏది లభించకుండా పోతుందో, ఆ రెంటికీ కాగితం మీది ఒక్క వాక్యమే కారణమవుతుందని ముప్పై ఏళ్లకు పైగా చూశాను.

విరమణ తరువాత ఆదివారాలు మా మసీదు పక్కనున్న గదిలో కూర్చుని విద్యార్థుల స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపిపెడుతున్నాను. కొన్నేళ్లుగా అక్కడికి ఆఫర్ లెటర్లు కూడా వస్తున్నాయి. తెచ్చిన ప్రతి బిడ్డనూ నేను ఒకే ప్రశ్న అడుగుతాను: "బేటా, ఈ కంపెనీ నీకు ఎందుకు నచ్చింది?" వచ్చే సమాధానాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. "చాచా, పెద్ద పేరున్న కంపెనీ." "చాచా, ప్యాకేజీ బాగుంది." "హైదరాబాద్‌లో ఆఫీసు." "నా స్నేహితులు నలుగురు అందులోనే చేరుతున్నారు." ఆడపిల్లలైతే దూరం, రాత్రి వేళల డ్యూటీ, హాస్టలు, తలపై దుపట్టా గురించి చెబుతారు. కొందరు మాత్రం తల దించుకుని మరో మాట అంటారు: "మమ్మల్ని తీసుకున్నదే ఎక్కువ గదా చాచా, ఇంక నచ్చడం ఏమిటి?"

ఈనాటి నా ప్రసంగమంతా ఈ చివరి మాటకు సమాధానమే.

ఈ మాట ఎక్కడినుండి పుట్టిందో ముందు గ్రహించాలి. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదికను మన పత్రిక పాఠకులు ఎరుగుదురు. దేశ జనాభాలో మనం 13.4 శాతం ఉన్న కాలంలో ఐఏఎస్‌లో మన వాటా 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం, రైల్వేలలో 4.5 శాతం అని ఆ నివేదిక లెక్క తేల్చింది. ఇరవై ఏళ్లు పైబడిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమా చదివినవారు కలిపి 4 శాతం లోపేనని, దేశ సగటు సుమారు 7 శాతమని చెప్పింది. కార్యాలయాలలో మన పేర్లు తరచుగా అటెండర్ల, డ్రైవర్ల జాబితాలోనే కనిపించిన రోజులవి. ఆ జాబితాలను నా చేతులతో నేనే రాశాను.

ఆ తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక మార్పు వచ్చింది. 2007 చట్టం ద్వారా ముస్లింలలో వెనుకబడిన 14 వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ లభించింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేసినా, మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతున్నది. బోధన రుసుముల చెల్లింపు పథకం దానికి తోడైంది. ఆటో నడిపే తండ్రి కుమారుడు, బీడీలు చుట్టే తల్లి కుమార్తె ఇంజినీరింగ్ కళాశాల గడప తొక్కారు. ఈ హాలులో కూర్చున్న మీలో అనేకులు మీ వంశంలో తొలి ఇంజినీర్లు. ఇది సామాన్యమైన విషయం కాదు.

కాని ఆ 4 శాతం విద్యాసంస్థలలోను, రాష్ట్ర ప్రభుత్వ కొలువులలోను వర్తించేదే. ప్రైవేటు సంస్థల నియామకాలకు అది వర్తించదు. రాజ్యాంగంలోని 16వ అధికరణం ఇచ్చే సమానావకాశ హామీ ప్రభుత్వోద్యోగాలకు సంబంధించినది. కనుక నాలుగేళ్లు ప్రభుత్వం చేయి పట్టుకుని నడిపించిన బిడ్డ, నాలుగో ఏడాది చివర ప్రైవేటు యజమాని ఎదుట ఒంటరిగా నిలబడతాడు. ఇంట్లో ఆ లోకం తెలిసినవారు లేరు. "తీసుకున్నదే ఎక్కువ" అనే మాట ఆ ఒంటరితనంలో పుట్టినది.

ఈ భయానికి ఆధారం ఉన్నదా? ఉన్నది, కాని భయపడినంత ఏకరీతిగా లేదు. ఇక్కడ మూడు అధ్యయనాలను మీ ముందుంచుతాను.

సుఖదేవ్ థోరట్, పాల్ ఆటెవెల్ అనే ఇద్దరు పండితులు 2005 అక్టోబరు నుండి 66 వారాల పాటు ఇంగ్లీషు పత్రికలలో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపారు. 548 ఉద్యోగాలకు 4,808 దరఖాస్తులు. ఫలితం 2007లో వెలువడింది. అగ్రవర్ణ హిందూ పేరుతో పోల్చినప్పుడు, అంతే అర్హతగల ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి సుమారు మూడో వంతు మాత్రమే. దళిత పేరుకు అది మూడింట రెండు వంతులు.

రెండవది, అభిజిత్ బెనర్జీ, మరి కొందరు ఆర్థికవేత్తలు ఢిల్లీ పరిసరాలలో సాఫ్ట్‌వేరు, కాల్ సెంటరు ఉద్యోగాలపై జరిపి 2009లో ప్రచురించినది. 371 ప్రకటనలకు 3,160 దరఖాస్తులు పంపి చూశారు. కాల్ సెంటర్లలో వెనుకబడిన కులాల పేర్లకు పిలుపులు తగ్గాయి. సాఫ్ట్‌వేరు ఉద్యోగాలలో మాత్రం ముస్లిం పేర్ల పట్ల గాని, ఇతర బలహీన వర్గాల పేర్ల పట్ల గాని వివక్షకు ఆధారం వారికి కనిపించలేదు.

మూడవది 2022లో లెడ్ బై ఫౌండేషన్ వెలువరించినది. ఒకే అర్హతలున్న ఇద్దరు యువతుల పేరుతో, ఒకటి హిందూ పేరు, మరొకటి ముస్లిం పేరు పెట్టి, ఆన్‌లైన్ ప్రకటనలకు దరఖాస్తులు పంపగా, హిందూ పేరుకు వచ్చిన సానుకూల స్పందనలలో ముస్లిం పేరుకు వచ్చినవి సుమారు సగమే.

ఈ మూడింటినీ కలిపి చదివితే నాకు తోచేది ఇది. వివక్ష ఉన్నది, దానిని కాదనేవారితో నేను ఏకీభవించను. కాని అది రంగాన్ని బట్టి మారుతుంది. ఎంపిక పద్ధతిని బట్టి కూడా మారుతుందని నా అభిప్రాయం. నైపుణ్యాన్ని కొలిచి తీసుకోవలసిన చోట పేరుకు బలం తగ్గుతుంది. పరిచయాల మీద, ముఖం చూసి తీసుకునే చోట పేరుకు బలం పెరుగుతుంది. కాబట్టి యజమానులందరినీ ఒకే గాట కట్టి "మనల్ని ఎవరూ తీసుకోరు" అనుకోవడమూ పొరపాటే, తీసుకున్న ప్రతివాడూ మెహర్బానీ చేశాడనుకోవడమూ పొరపాటే. యజమానికీ యజమానికీ మధ్య తేడా ఉన్నది. ఆ తేడాను కనిపెట్టే విద్య మనకు కావాలి.

ఆ విద్యలో మొదటి పాఠం ఎంపిక విధానం. ఒక సంస్థ మిమ్మల్ని ఆకర్షించాలంటే, ముందుగా అది మనుషులను ఎలా తీసుకుంటున్నదో చూడండి. అన్ని కళాశాలల విద్యార్థులకు తెరిచి ఉంచిన రాతపరీక్ష ఉన్నదా? టీసీఎస్ వంటి సంస్థలు ఇప్పుడు దేశవ్యాప్తంగా ఆన్‌లైన్ అర్హత పరీక్ష పెడుతున్నాయి. మీ కళాశాలకు కంపెనీలు రాకపోయినా మీరు దానిని రాయవచ్చు. పరీక్ష, సాంకేతిక ఇంటర్వ్యూ, తుది ఇంటర్వ్యూ అనే మెట్లు ముందుగా ప్రకటించారా? ఈ వివరాలు బయటపెట్టిన సంస్థ, రేపు పదోన్నతి విషయంలోను ఒక నియమాన్ని పాటించే అవకాశం ఎక్కువ. "ఎవరితోనైనా చెప్పించండి" అనే సంస్థలో, రేపు మనకంటే బాగా చెప్పించగలిగినవాడు మన కుర్చీలో కూర్చుంటాడు.

రెండవ పాఠం ప్యాకేజీ. ఇది నా సొంత వృత్తి కనుక కొంచెం వివరంగా చెబుతాను. దయచేసి కాగితం, కలం తీయండి.

సంవత్సరానికి 3 లక్షల 60 వేలు అని ఆఫర్ లెటరులో రాశారనుకుందాం. ఇంట్లో అమ్మ వెంటనే నెలకు 30 వేలు అని లెక్క వేసుకుంటుంది. కాని ఆ అంకె జీతం కాదు; మీ మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు. దానినే సీటీసీ అంటారు. మూలవేతనం 15,000 అనుకుంటే, అందులో 12 శాతం, అంటే 1,800 రూపాయలు, సంస్థ చెల్లించే భవిష్యనిధి. అది కూడా ఆ 30 వేలలోనే ఉన్నది. గ్రాట్యుటీ కింద మూలవేతనంలో 4.81 శాతం, అంటే 722 రూపాయలు; సాధారణంగా 5 సంవత్సరాల సర్వీసు నిండితేనే అది మీ చేతికి వస్తుంది. ఆరోగ్య బీమాకు 500 అనుకుందాం. పనితీరును, లాభాలను బట్టి ఇచ్చే భాగం, దానిని వేరియబుల్ అంటారు, ఏడాదికి 36 వేలు, నెలకు 3,000. ఇవన్నీ పోగా మిగిలేది 23,978. అందులో మీ వాటా భవిష్యనిధి 1,800, వృత్తిపన్ను 200 తీసివేస్తే చేతికి వచ్చేది 21,978 రూపాయలు.

ఇప్పుడు మరో సంస్థ ఏడాదికి 3 లక్షలే ఇస్తానన్నది. వేరియబుల్ ఏమీ లేదు. నెలకు 25,000. అదే మూలవేతనం, అదే భవిష్యనిధి, గ్రాట్యుటీ, బీమా అనుకుంటే 21,978 మిగులుతుంది. అందులో మీ భవిష్యనిధి, వృత్తిపన్ను పోతే చేతికి 19,978. ప్యాకేజీలను పోల్చితే నెలకు 5,000 తేడా. చేతికి వచ్చేదానిలో నికరమైన తేడా 2,000 మాత్రమే. మొదటి ఉద్యోగం బెంగుళూరులో, రెండవది మీ ఊరికి దగ్గరలో ఉంటే, ఆ రెండు వేలు అద్దెకే చాలవు.

పెద్ద ప్యాకేజీ వద్దని నేను అనడం లేదు. అంకెను చూసి మోహపడకుండా, ఆ అంకె లోపల ఏమున్నదో విడదీసి చూడమంటున్నాను. అనుబంధంలో జీతం వివరాల పట్టిక ఇవ్వని సంస్థను గౌరవంగా అడగండి. "చేరిన తరువాత చెబుతాం" అంటే ఆ సంస్థ గురించి మీకు కావలసినది తెలిసిపోయినట్లే.

మూడవ పాఠం, సంస్థ నిజంగా ఉన్నదా అని చూడడం. పేరు గొప్ప ఊరు దిబ్బ అనే సామెత ఊరికే పుట్టలేదు. కంపెనీ ఏ సంవత్సరంలో నమోదైంది, ఇప్పటికీ కొనసాగుతున్నదా అనే వివరాలు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. 20 మంది, అంతకు పైబడి ఉద్యోగులున్న సంస్థకు భవిష్యనిధి నిబంధనలు వర్తిస్తాయి. భవిష్యనిధి సంస్థ వెబ్‌సైటులో యజమాని పేరు పెట్టి వెదికితే, ఆ సంస్థ నెలనెలా సొమ్ము జమ చేస్తున్నదో లేదో తెలుస్తుంది. ఇల్లు కొనేటప్పుడు ఈసీ తీయిస్తాం. బిడ్డ జీవితంలోని తొలి ఉద్యోగానికి ఆమాత్రం విచారణ అవసరం లేదా?

ఈ విచారణ చేయనందువల్ల ఏమైందో ఒక ఉదాహరణ చెబుతాను. మా వీధి అబ్బాయి ఒకడు ఇంజినీరింగ్ ముగించి హైదరాబాద్‌లో అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుంటున్నాడు. ఒక కన్సల్టెన్సీ వారు లక్షన్నర తీసుకుని ఒక చిన్న సంస్థలో ఉద్యోగం వేయించారు. తల్లి చేతి గాజులు అమ్మి ఆ సొమ్ము ఇచ్చింది. మూడు నెలలు జీతం వచ్చింది. నాలుగో నెల ఆఫీసుకు తాళం పడింది. ఇచ్చిన సొమ్ములోనుండే ఆ మూడు జీతాలు వచ్చి ఉంటాయని తరువాత అర్థమైంది. బిడ్డలారా, ఒక్క నియమం గుండెల మీద రాసుకోండి: ఉద్యోగమిచ్చేవాడు జీతమిస్తాడు గాని సొమ్ము అడగడు. శిక్షణ రుసుమని, సెక్యూరిటీ డిపాజిటని, ఏ పేరుతో అడిగినా అది ఉద్యోగం కాదు.

నాలుగవ పాఠం బాండు. రెండేళ్లు పనిచేయాలి, మధ్యలో వెళితే ఇంత చెల్లించాలి అని కొన్ని సంస్థలు రాయించుకుంటాయి. బాండు ఉన్నంత మాత్రాన ఆ సంస్థ చెడ్డది కాదు. నిజంగా ఖర్చు పెట్టి శిక్షణ ఇచ్చే సంస్థ కొంతకాలం ఉండమని కోరడం న్యాయమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం బాండులో రాసిన సొమ్ము గరిష్ఠ పరిమితి. కోర్టు అందులో సముచితమైన పరిహారాన్నే ఇప్పిస్తుంది. అయినా కోర్టు దాకా వెళ్లే శక్తి మనలో ఎందరికి ఉన్నది? కనుక సంతకానికి ముందే మూడు చూడండి: ఎంతకాలం, ఎంత సొమ్ము, శిక్షణలో ఏమి నేర్పుతారు. అసలు సర్టిఫికెట్లు తమ వద్ద ఉంచుకుంటామనే సంస్థను మాత్రం వదిలివేయండి. పరిశీలించి వెనక్కి ఇవ్వడం వేరు, తాకట్టు పెట్టుకోవడం వేరు.

ఐదవ పాఠం, అక్కడ ఏమి నేర్చుకుంటాం అన్నది. తొలి రెండేళ్ల పని ఆ తరువాతి ఇరవై ఏళ్లకు పునాది. మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్ చదివిన బిడ్డలు కంప్యూటరు ఉద్యోగం దొరకలేదని నిరాశపడుతున్నారు. 1961 అప్రెంటిస్ చట్టం కింద పట్టభద్ర ఇంజినీర్లకు ఏడాది శిక్షణ, స్టైపెండు ఉన్నాయని మనలో అనేకులకు తెలియదు. తక్కువ స్టైపెండుతో నిజమైన యంత్రం ముందు నిలబెట్టే కర్మాగారం, ఎక్కువ జీతంతో చదువుకు సంబంధం లేని పని చేయించే ఆఫీసు కంటే మేలైన యజమాని కావచ్చు.

ఇప్పుడు తల్లిదండ్రులతో రెండు మాటలు. మన దృష్టిలో యజమాని అంటే ఇప్పటికీ సర్కారే. ఆ ఆకర్షణ నాకు తెలుసు. దానితోనే నా సంసారం నడిచింది. కాని మీరు మనసులో ఊహించుకునే సర్కారు ఉద్యోగం నా తరానిది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారిని పాత పింఛను విధానంలో కాక, ఉద్యోగి వాటా కూడా కలిపే విధానంలో చేర్చారు. అయినా ప్రభుత్వ కొలువుకు రాతపరీక్ష, రోస్టరు, ప్రకటించిన నియమం ఉన్నాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాల నియామకాలు జరిగినప్పుడు ఇంజినీరింగ్ అసిస్టెంటు పోస్టులకు ఇంటర్వ్యూ లేదు, పరీక్ష మార్కులే కొలమానం. గేట్ మార్కుల ఆధారంగా తీసుకునే ప్రభుత్వరంగ సంస్థలు ఉన్నాయి. ఆ పరీక్షలు తప్పక రాయండి. ఒక జాగ్రత్త: బీసీ-ఇ రాష్ట్ర జాబితాలోనిది. కేంద్ర కొలువులకు కేంద్ర ఓబీసీ జాబితాను విడిగా చూసుకోవాలి. రెండూ ఒకటేననుకుని దరఖాస్తు పోగొట్టుకున్నవారిని నేను చూశాను. అన్నిటికంటే ముఖ్యం, నోటిఫికేషను కోసం చేతిలోని ఉద్యోగాన్ని వదిలి ఏళ్ల తరబడి ఎదురుచూడకండి.

ఈ మాట చెప్పే అర్హత నాకు ఒక తప్పు వల్ల వచ్చింది. మా పెద్దమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చదివింది. 2011లో హైదరాబాద్‌లో ఒక సంస్థ దానికి ఉద్యోగమిచ్చింది. కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను మడత విప్పకుండానే "ప్రైవేటు ఉద్యోగం, పరాయి ఊరు, వద్దు, గ్రూప్స్ రాయి" అన్నాను. అది ఎదురు చెప్పలేదు. మూడేళ్లు నోటిఫికేషన్ల కోసం చూసింది. ఆ తరువాత ప్రైవేటు సంస్థలకు దరఖాస్తు చేస్తే, మధ్యలో ఈ ఖాళీ ఏమిటని అడిగారు. ఇప్పుడు ఒక పాఠశాలలో లెక్కలు చెబుతున్నది. నన్ను ఎన్నడూ నిందించలేదు. విరమణ తరువాత పాత పెట్టె సర్దుతుంటే ఆ లేఖ దొరికింది. అప్పుడు చదివాను. మహిళా ఉద్యోగులకు హాస్టలు వసతి, రాకపోకలకు వాహనం, పగటి డ్యూటీ, అన్నీ అందులో రాసి ఉన్నాయి. ఊరందరి కాగితాలూ చదివిన గుమాస్తాను, నా బిడ్డ కాగితాన్ని చదవలేదు.

అందుకే ఆడపిల్లల తండ్రులను ప్రాధేయపడుతున్నాను: వద్దనడానికి ముందు చదవండి. చదివిన తరువాత వద్దన్నా, ఆ మాటకు ఒక కారణం ఉంటుంది. ఏమి చదవాలో చెబుతాను. పదిమంది, అంతకు పైబడి ఉద్యోగులున్న ప్రతి సంస్థా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఏర్పరచాలి. ఉన్నదా అని అడగండి. 2017 సవరణతో వచ్చిన నియమం ప్రకారం తొలి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల ప్రసూతి సెలవు, 50 మంది, అంతకు పైబడిన సంస్థలో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలి. రాత్రి డ్యూటీ ఉన్నదా, ఉంటే ఇంటి గుమ్మం వరకు వాహనం ఉన్నదా? వీలైతే ఒకసారి ఆ ఊరు వెళ్లి హాస్టలు చూసి రండి.

దుస్తుల విషయం, నమాజు విషయం చాలామంది బిడ్డలు అడగడానికి జంకుతారు. తెలుగు రాష్ట్రాలలో రంజాన్ మాసంలో ముస్లిం ఉద్యోగులు ఒక గంట ముందుగా ఇంటికి వెళ్లడానికి ప్రభుత్వాలు ఉత్తర్వులు ఇస్తూ వచ్చాయి. ఆ ఫైళ్లు నేనే పెట్టాను. ప్రైవేటు సంస్థకు అలాంటి ఉత్తర్వు లేదు. అయితే అడగడం నేరం కాదు. తుది దశలో, ఉద్యోగం ఖరారైనాక, "శుక్రవారం మధ్యాహ్నం కొద్ది సమయం కావాలి, ఆ పనిని సాయంత్రం పూర్తిచేస్తాను" అని మర్యాదగా చెప్పండి. ఉద్యోగిని తలపై దుపట్టా చూసి మాట మార్చే సంస్థ, దానిని గమనించినట్టు కూడా లేకుండా సాంకేతిక ప్రశ్న అడిగే సంస్థ, ఈ రెండూ మన దేశంలోనే ఉన్నాయి. రెండవదానికోసం వెదకడమే మీ పని.

గల్ఫ్ గురించి ఒక్క మాట. కడప, కర్నూలు ప్రాంతాలకు కువైట్, సౌదీ కొత్త కావు. కాని పదవ తరగతి దాటి చదివినవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరం లేదు గనుక, కూలీ పనికి వెళ్లేవారిపై ఉండే ప్రభుత్వ తనిఖీ ఇంజినీరుపై ఉండదు. తనిఖీ మీరే చేసుకోవాలి. ఏజెంటు నమోదైనవాడా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. నమోదైన ఏజెంటు తీసుకోదగిన రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై పన్ను. మరొక సంగతి: 2018లో కువైట్ విదేశీ ఇంజినీర్లకు తమ ఇంజినీర్ల సంఘం ధ్రువీకరణను తప్పనిసరి చేసినప్పుడు, ఎన్‌బీఏ గుర్తింపు లేని భారతీయ కళాశాలలలో చదివినవారు పనిచేస్తున్న హోదా నిలుపుకోలేక ఇబ్బంది పడ్డారు. మీ తమ్ముళ్లను, చెల్లెళ్లను ఇంజినీరింగ్‌లో చేర్చేటప్పుడే ఈ గుర్తింపు చూసుకోండి.

చివరగా, ఇవన్నీ వ్యక్తులు పడవలసిన జాగ్రత్తలు. సమాజంగా మనం అడగవలసినది ఒకటి ఉన్నది. సమానావకాశ కమిషన్ ఏర్పాటు చేయాలని సచార్ కమిటీ సూచించింది. దాని స్వరూపాన్ని ఎన్.ఆర్. మాధవ మీనన్ అధ్యక్షతన నిపుణుల బృందం 2008లో రూపొందించి ఇచ్చింది. అది చట్టరూపం దాల్చలేదు. ప్రైవేటు నియామకంలో మతం కారణంగా తిరస్కరించబడిన బిడ్డ ఫిర్యాదు చేయడానికి తగిన వేదిక కోసం మనం, దళిత, ఆదివాసీ, వెనుకబడిన వర్గాల సోదరులతో కలిసి, అడుగుతూనే ఉండాలి. యజమానులకు కూడా ఒక విన్నపం: మంచి ఇంజినీరు మీ సంస్థకు రావాలంటే గోడలకు రంగులు, ఆటల గదులు మాత్రమే చాలవు. నియమాలను రాతలో పెట్టండి, అందరికీ ఒకే తీరున వర్తింపజేయండి. మా బిడ్డలు మీకు విశ్వాసంగా పనిచేస్తారు.

దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన ఆయత్ ఏదో మీకు తెలుసు: అల్‌బఖరా సూరాలోని 282వది. అది అప్పు వ్యవహారాలను రాసుకోవడం గురించి, రాసేవాడు న్యాయంగా రాయడం గురించి చెబుతుంది. గుమాస్తాగా ఆ ఆయత్ నాకు ఎంతో ప్రియమైనది. మన ధర్మం రాతపూర్వక ఒప్పందానికి ఇంత ప్రాధాన్యమిచ్చిందంటే, చదవకుండా సంతకం చేయడం మనకు తగిన పని కాదు.

ఈ సభ ముగిశాక బయట బల్ల వద్ద నేను, నా మిత్రులిద్దరం కూర్చుంటాం. ఆఫర్ లెటరు ఉన్నవారు తీసుకురండి, కలిసి చదువుదాం. లేనివారు నిరాశపడకండి, పరీక్షల తేదీల పట్టిక రాసి ఉంచాం. ప్రతి మహల్లాలో ఇలాంటి ఒక బల్ల, ఒక కుర్చీ, కాగితం చదవగల ఒక విశ్రాంత ఉద్యోగి ఉంటే చాలు. అది పెద్ద ఖర్చు కాదు.

"మమ్మల్ని తీసుకున్నదే ఎక్కువ" అన్న బిడ్డకు నా జవాబు ఇది: బేటా, నీవు నాలుగేళ్లు కష్టపడి నేర్చిన విద్యను వారికి ఇస్తున్నావు. వారు దానికి వెల కడుతున్నారు. ఇచ్చేవాడికి అడిగే హక్కు ఉన్నది. తల ఎత్తి అడుగు.

అల్లాహ్ మీకు హలాలైన జీవనోపాధిని, గౌరవప్రదమైన కొలువును ప్రసాదించుగాక. ఆమీన్.